పండు సీను

పచ్చి మిరియాల్ని వేణ్ణీళ్ళలో ముంచడం వంట లాంటి పని కాదు. కూరలో ఉప్పెక్కువైతే కాసిని నీళ్ళు పోసి సర్దుకోవచ్చు. మిరియం ఒక్క ఊపిరి ఎక్కువసేపు నీళ్ళలో ఉందంటే తొక్క ఊడిపోతుంది, సంతలో షావుకారు నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని మొహం అదోలా పెడతాడు. అందుకని గుడ్డమూటను మరుగుతున్న గిన్నెలో దించినప్పుడు అప్పలనర్సమ్మ పక్కన పిడుగు పడినా తల తిప్పదు. ఆ పొద్దున ఆమె వాకిట్లో జీపు వచ్చి ఆగింది. అయినా తిప్పలేదు.

"అప్పలనర్సమ్మగారంటే మీరేనా అమ్మా?"

మూట పైకి తీసి, నీళ్ళు కారనిచ్చి, చాప మీద గుమ్మరించి, పచ్చటి గింజల్ని అరచేత్తో పల్చగా నెరిపాక అప్పుడు చూసింది. పాతికేళ్ళ పిల్ల. మెడలో సన్నటి సిలువ, చేతిలో ఫోను, మడమల దాకా ఎర్రమట్టి. ఆ పిల్ల వెనక తన కూతురు బేబి మొహం వెలిగిపోతూ నిలబడి ఉంది. బేబి కొంగు పట్టుకుని మనవరాలు సోని, ఏడేళ్ళ గుంట, ఒంటికాలి మీద గెంతుతోంది.

వచ్చిన పిల్ల పేరు డాలీ. అడ్డతీగలలో టీచరుగారి కూతురు, ఇప్పుడు సినిమాలో అసిస్టెంటు డైరెక్టరు. అప్పలనర్సమ్మ వాళ్ళ ఊరు పనసగుడకి పైన గడ్డికొండ మీద తళతళలాడే ఆకాశపు ఓడ ఒకటి నిలబెట్టి, కొన్నాళ్ళుగా షూటింగు చేస్తున్నది వాళ్ళే. ఆవుల్ని అటు తోలొద్దన్నారని ఊళ్ళో వాళ్ళకి ఆ ఓడ మీద కొంచెం గుర్రుగా ఉంది.

"'రోదసి దండు' అని పాత సినిమా ఉందమ్మా. మూడు భాగాలొచ్చాయి. మా నాన్నకి మూడూ కంఠతా వచ్చు. ఇప్పటి పిల్లలకి వేసి చూపిస్తే, రేకుడబ్బాకి తాడు కట్టి లాగుతున్నారని నవ్వుతారు. అందుకే ఈ కాలం పిల్లల కోసం మళ్ళీ మొదట్నుంచి తీస్తున్నాం. రీబూట్ అంటారు."

రోదసి దండు అన్న మాట వినగానే అప్పలనర్సమ్మ చెయ్యి గింజల మీద ఆగిపోయింది. డాలీ అది గమనించలేదు. ఫోనులో బొమ్మ తీసి ముందుకు పెట్టింది. రంగు వెలిసిన బొమ్మ. నుదుట బూడిద పూసిన ఏడేళ్ళ పిల్ల రెండు చేతుల్తో బంగారు రంగు పండు పట్టుకుని కొరుకుతోంది.

"గ్రహం మీద కూలిపోయిన కెప్టెన్ దాహంతో చచ్చిపోతుంటాడు. ఆ గ్రహం పిల్ల వస్తుంది. విషం లేదని ముందు తను కొరికి చూపించి, అప్పుడు అతనికిస్తుంది. అదే ఆ సినిమాకి ప్రాణం. మా డైరెక్టరు హీరో విగ్గు తీసేశాడు, పాటలు తీసేశాడు, ఓడే మార్చేశాడు. ఈ పండు సీను జోలికి వెళితే మాత్రం అభిమానులు మమ్మల్ని బతకనివ్వరు. అచ్చు ఇలాంటి మొహం కోసం లోయంతా గాలించాం. ఆఖరికి మీ సోని దొరికింది. ఎంత పోలికో చూడండి!"

"పోలికుండదేటి మరి? ఆ బొమ్మలోది మాయమ్మే కదా," అంది బేబి.

డాలీ ఫోను జేబులో పెట్టేసింది. తర్వాత వంగి కాళ్ళకి దండం పెట్టబోయింది. అప్పలనర్సమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"కుదర్దు," అంది.

"ఏది కుదరదమ్మా?"

"గుంటని పంపడం. మామిడి కొత్త అవనేదు."

అనేసి ఇంకో మూట గిన్నెలో దించింది. ఇక మాట్లాడదని బేబికి తెలుసు. అడ్డతీగల పిల్ల కాబట్టి డాలీకి కూడా అర్థమైంది. ఆ కొండల్లో ఏటా మొదటి మామిడిని ఊరి దేవతకి పెట్టి కొత్త చేసేదాకా ఎవ్వరూ మామిడి ముట్టరు. చెట్టుదైనా, సంతదైనా, కింద మైదానం నుంచి లారీలో వచ్చిందైనా ఒకటే లెక్క. రాలిన పిందెని పిల్లలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నీళ్ళూరుతున్న నోటితోనే పారేస్తారు. కొత్త ఇంకా వచ్చే వారం. షూటింగు వాళ్ళు ఎల్లుండి ఓడ విప్పుకుని వెళ్ళిపోతారు.

ఆ మధ్యాహ్నమంతా బేబి అమ్మతో దెబ్బలాడుతూనే ఉంది. ఒక చేత్తో కంకుల నుంచి గింజలు రాలుస్తూ, రెండో చెయ్యి గాలిలో ఆడిస్తూ.

"నీకు జరిగిందని దానికీ జరిగిపోద్దేటే? దానికి మాటలున్నాయంట సినిమాలో. పాతదాన్లో మనోల్ల సేత గుర్రుగుర్రుమనిపించినారు. ఇప్పుడు మన బాసలోనే మాటాడిస్తారంట. ఆ డాలీయే పట్టుబట్టి రాయించినాది."

"మాటాడమను. పండు కొరకొద్దను."

"కొరక్కపోతే సీనెక్కడిది?"

సోనికి ఈ గొడవ పట్టలేదు. బెల్లం గడ్డ ఒకటి రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, కొంచెం కొరికి, దాన్ని కుక్క మూతి దగ్గర పెడుతోంది. కుక్క కెప్టెన్ అన్నమాట. కెప్టెన్ తోకాడిస్తూ బెల్లం నాకేస్తున్నాడు.

"అమ్మమ్మా, అప్పుడు నువ్వు తిన్న పండు ఎలాగున్నాది?"

అప్పలనర్సమ్మ నాలుక తనంతట తనే ముందుపళ్ళలో ఒంకరగా మొలిచిన పన్ను దగ్గరికి పోయింది. "తియ్యగా. పిండిపిండిగా," అంది. "అసుమంటిది మల్లీ తిన్నేదు."

అది నిజం. ఆ తర్వాత ఎన్ని మామిడిపళ్ళు తిన్నదో! పీచువి, రసాలు, కొండవి, కిందవి. ఒక్కదాన్లోనూ ఆ రుచి తగల్లేదు. తప్పు చేసి తిన్నదానికి వేరే రుచి ఉంటుంది కాబోలునని ఎప్పుడో తీర్మానించుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు, సిగ్గుపడింది.

మర్నాడు డాలీ నేరుగా బుధు దగ్గరికి వెళ్ళింది. బుధు ఊరి దిసారి. పండగలకీ పెళ్ళిళ్ళకీ మంచిరోజు చూసేది, దేవతకి కొత్త పెట్టేది ఆయనే. ఆయన తండ్రి కూడా దిసారే. ఊరి నడుమ దేవత రాళ్ళ దగ్గర పెద్దలంతా కూర్చున్నారు. ఆడవాళ్ళు కొంచెం ఎడంగా నిలబడ్డారు. అప్పలనర్సమ్మ అందరికన్నా కొసన నిలబడింది. ఆ కొస ఆమెది. ఏటా మామిడి కొత్తనాడు అందరికీ పంచాక చివరి ముక్క ఆమెకి ఇస్తారు. అది ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. పశువులు రోజూ పోయే దారినే కొట్టానికి పోయినట్టు, ఊరు అలా అలవాటు పడిపోయింది.

"పాప మింగదు తాతా. కొరికి ఉమ్మేస్తుంది," అంది డాలీ.

"నోట్లో పెడితే తిన్నట్టే," అన్నాడు బుధు.

"వేరే పండు పెట్టమని డైరెక్టరుగారిని అడిగాను. అభిమానులకి మామిడిపండే గుర్తు, అదే కావాలంటున్నారు. దగ్గరగా తీస్తారు, రసం కారడం కనపడాలట."

"అప్పుడొచ్చినోలు కూడా ఇలాగే సెప్పినారమ్మా." బుధు చేతికర్ర ఎత్తి ఆడవాళ్ళ వైపు కొసకి చూపించాడు. "అదిగో, ఆ నిలబడింది సూడు. అదే కొరికినాది. తాడు కట్టి మమ్మల్నందర్నీ ఇవతల నిలబెట్టినారు. నాను పదేల్లోడిని, ముందు వరసలో వున్నాను. నా కల్లతో సూసినాను, పసుప్పచ్చటి పండు. కొరికిన సోటనే పన్ను వూడి సేతిలో పడినాది! ఒకటే రగతం. దేవత అక్కడే సూపించీసినాది. ఆ యేడు వడగల్లు పడి పూతా పిందే మొత్తం రాలిపోనాది. దీని నాయన మేకనిచ్చి తప్పు కట్టినాడు."

ఇది ఊరందరికీ తెలిసిన కథే. నవ్వుతూ చెప్పుకుంటారు, పండుదొంగ అంటారు, వరసైన వాళ్ళు ఇంకో రెండు మాటలు కలుపుతారు. బుధు వరసకి బావ కాబట్టి ఆయనకి ఇంకా ఎక్కువ హక్కు. ఇన్నేళ్ళుగా అప్పలనర్సమ్మ కూడా ఆ నవ్వులో కలిసి నవ్వేస్తూ వచ్చింది. కానీ ఈసారి సోని పక్కనే ఉంది. కర్ర వైపు చూసి, అమ్మమ్మ వైపు చూసి, అందరికీ వినపడేలా అడిగింది.

"అమ్మమ్మా, నువ్వు దొంగవేటి?"

అప్పలనర్సమ్మకి నవ్వు రాలేదు. ఒళ్ళంతా మండింది. బుధు మీద కాదు, ఊరి మీదా కాదు. ఎవరి మీదో తెలియని కోపం అది. సోని చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. చాప మీద మిరియాలు అప్పటికే నల్లబడి ముడుచుకుపోతున్నాయి. వాటిని అటూ ఇటూ తిరగేస్తూ కూర్చుంది. ఈ గుంట ఆ సీను చేస్తే రేపు ఏ వాన పడకపోయినా, ఏ కోడి చచ్చిపోయినా దీని నెత్తినే పెడతారు. పెళ్ళయి పిల్లలు పుట్టినా కొసనే నిలబడాలి. తను నిలబడింది, చాలు.

మూడోనాడు పొద్దున్నే లేచి చూస్తే బేబీ లేదు, సోనీ లేదు. కొలతలకి రమ్మన్నారని ఎవరో చెప్పారు. అప్పలనర్సమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా గడ్డికొండ ఎక్కింది.

పైన జాతరలా ఉంది. జనరేటరు బండి గుడగుడలాడుతోంది. ఓడ దగ్గరికి వెళ్ళి చూస్తే అట్టలూ అల్యూమినియం రేకులూ, వెనకంతా కర్రల ఆసరా. చెట్టుకింద సోనికి బూడిద రంగు గౌను తొడిగి నడుం దగ్గర పిన్నులు పెడుతున్నారు. అమ్మని చూసి బేబి బిక్కమొహం వేసింది.

"నేను పంపేస్తానన్నానమ్మా," అంటూ డాలీ ఎదురొచ్చింది. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఊరు వద్దన్నాక పాపని పెట్టనని డైరెక్టరుగారికి చెప్పేశాను. ఆయన వైజాగ్ నుంచి ఇంకో పాపని తెప్పిస్తానంటున్నారు. సోనిని ఒక్కసారి ఆ గౌనులో చూసుకుందామని, అంతే."

అప్పలనర్సమ్మ ఎత్తుకొచ్చిన తిట్లన్నీ నోట్లోనే మిగిలిపోయాయి. సోని ఏడవడం లేదు గానీ, గౌను అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఆ ఏడవకపోవడమే అమ్మమ్మ చూడలేకపోయింది.

అదే వేళకి సింహాచలం అనే ఆయన ఒక పెట్టె పట్టుకొచ్చాడు. సినిమాకి కావలసిన సామానంతా చూసుకునేది ఆయనే, అనకాపల్లి వైపు మనిషి. పాత సినిమా నిర్మాతగారు పోయాక ఆయన ఇంట్లో అద్దాల బీరువాలో ఉండిపోయిన వస్తువట. ఆఖరిరోజు అందరూ దానితో ఫొటో దిగాలని డైరెక్టరు అడిగి తెప్పించాడు. పాత సినిమాకి పనిచేసిన వాళ్ళు ఎవరూ మిగల్లేదు, ఈ పెట్టె ఒకటి మిగిలింది.

"పాత సినిమాలో పండట," అంటూ సింహాచలం మూత తీశాడు.

దూదిలో పసుప్పచ్చటి మామిడిపండు. ఇన్నేళ్ళయినా కుళ్ళలేదు, ముడుచుకోలేదు. అప్పలనర్సమ్మ చెయ్యి చాచింది. ముట్టుకోవద్దని సింహాచలం అనేలోపల అది ఆమె చేతిలో ఉంది.

చెక్క.

వేళ్ళు ముందు నమ్మలేదు. గోటితో కొట్టి చూసింది, టక్కుమంది. ఏటికొప్పాకలో చిన్నపిల్లల లక్కపిడతలు చేస్తారే, ఆ చెక్క, ఆ లక్క. ఒకవైపు సొట్టలా గుంట తొలిచి ఉంది. అందులో ఏదో మెత్తటిది కూరి, పైన రంగు పూసి ఉంటారు. గుంట అంచున, లక్క మీద, చిన్నచిన్న నొక్కులు నాలుగు. నాలుగో నొక్కు దగ్గర లక్క పెచ్చు లేచిపోయింది.

ఆమె వేలు ఆ నొక్కుల మీద పెట్టింది. నాలుక ఒంకర పన్ను మీదికి పోయింది. పిండిపిండిగా, తియ్యగా. ఇన్నేళ్ళూ ఏ మామిడిచెట్టు దగ్గరా దొరకని రుచి ఒక్కసారిగా నోట్లో ఊరింది, దాని పేరు కూడా తెలిసింది.

"సిలగడదుంప!" అంది. "ఓలమ్మో, సిలగడదుంప! బెల్లం పాకం పెట్టిన సిలగడదుంప!"

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె గడ్డిలో చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. "కొరకమన్నారు, గట్టిగా కొరికీసినాను. దుంప దాటి సెక్కలోకి దిగీసినాది పన్ను. వూడదేటి మరి? పాలపన్ను! దేవత కాదు బేబీ, వడ్రంగోడు! వడ్రంగోడు వూడగొట్టినాడే నా పన్ను!"

బేబి వచ్చి అమ్మని పట్టుకుంది. ఏం తిన్నావే అని ఆనాడు తన నాన్న అడిగితే, పండు అని చెప్పింది అప్పలనర్సమ్మ. సినిమా వాళ్ళంతా దాన్ని పండనే అన్నారు. ఏడేళ్ళ పిల్ల ఇంకేం చెబుతుంది? అది తిన్నది మామిడా దుంపా అని నోరు తెరిచి చూసినవాడు ఒక్కడూ లేడు, తాడుకి అవతల నుంచి చూసి తీర్పు చెప్పేశారు.

గుండె మీది బరువు దిగిపోయింది. కొండ మీద నుంచి కట్టెలమోపు తెచ్చి వాకిట్లో పడేసినప్పుడు మెడకి ఎలా ఉంటుందో, అంత హాయిగా ఉంది.

పెట్టెని తను లేకుండా ఊళ్ళోకి పంపడానికి సింహాచలం ఒప్పుకోలేదు. కాబట్టి పెట్టెతో పాటు ఆయనా జీపెక్కాడు. బుధు రాళ్ళ దగ్గర కూర్చుని కొత్తకి కావలసిన అడ్డాకులు కుడుతున్నాడు. అప్పలనర్సమ్మ పండు తీసి ఆయన ముందు పెట్టింది.

"బావా, కొరుకు."

బుధు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. "కొత్త అవకండా నానెలా కొరుకుతానే!"

"సెక్కకి కొత్తేటి బావా?"

ఆయన చూపుడువేలితో పొడిచి చూశాడు. వాసన చూశాడు. చేతిలోకి తీసుకుని రాతి మీద కొట్టాడు, టక్కు. సింహాచలం "మెల్లిగా, మెల్లిగా" అని మొత్తుకున్నాడు. ఇంకోసారి కొట్టాడు. చుట్టూ జనం చేరారు. నొక్కులు చూశారు. ఒక ముసలామె అప్పలనర్సమ్మ గెడ్డం పట్టుకుని నోరు తెరిపించి ఒంకరపన్ను చూసింది. ఆనాడు ఎవరూ చేయని పని ఇప్పుడు చేసినందుకు ఆమెని మెచ్చుకోవాలో తిట్టాలో తెలియదు.

బుధు పండుని కింద పెట్టేశాడు. మొహం వాడిపోయింది.

"మా అయ్యకి సెప్పింది నానే," అన్నాడు చివరికి. "పండు తినీసినాది అయ్యా అని పరిగెత్తుకెల్లి సెప్పినాను."

"మరి ఉత్తినే తప్పేసినోడు తిరిగి తప్పు కట్టాల కదా. నా మేక నాకియ్యి."

"మేకంటే మా ఇంటిదాన్ని అడగాలే," అన్నాడు బుధు నీరసంగా. అందరూ నవ్వేశారు. అప్పలనర్సమ్మ కూడా నవ్వింది. ఈసారి నిజంగా నవ్వొచ్చే నవ్వింది.

ఆ సాయంత్రం ఎండ వాలుతుండగా గడ్డికొండ మీద పండు సీను తీశారు. ఆ చెక్కపండే కావాలన్నాడు డైరెక్టరు. పాత పండుని మళ్ళీ చూస్తే అభిమానులు ఏడ్చేస్తారని సంబరపడిపోయాడు, రసం సంగతి మర్చేపోయాడు. చిలగడదుంప ఉడకబెట్టి పాకంలో తిప్పింది అప్పలనర్సమ్మే. ఆమె చేత్తోనే గుంటలో కూరింది. చుట్టుపక్కల ఎక్కడా అసలు మామిడి లేదని చూసుకోవడానికి బుధు వచ్చి కెమెరా పక్కనే కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఊరి మనుషులకీ సోనికీ మధ్య కట్టిన తాడుని ఆయనే విప్పించేశాడు.

డాలీ అడిగింది, అమ్మా మీరు కూడా ఒక్క షాటులో కనపడతారా అని.

"నాకు మిరియాలున్నాయి," అంది అప్పలనర్సమ్మ. అయినా వెళ్ళిపోలేదు. సోని దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పింది. "గట్టిగా కొరక్కు గుంటా, పన్ను వూడిపోద్ది."

సోని మెల్లిగా కొరికింది. రాళ్ళ మధ్య పడి ఉన్న కెప్టెన్ నోటి దగ్గర పండు పెట్టి, కొండభాషలో తన ఒక్క మాటా చెప్పింది. తిను, ఏం కాదు, నేను తిన్నాను. ఆ మాట తాడు అడ్డం లేకుండా ఊరందరికీ వినిపించింది. డైరెక్టరు చాలన్నాక కూడా సోని గుంటలో మిగిలిన దుంపని వేలితో గీరుకుని తింటూ కూర్చుంది.

ఓడ విప్పుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. గడ్డికొండ మీద ఆవులు మళ్ళీ మేశాయి. మిరియాలు సంతకి వెళ్ళాయి.

కొత్తనాడు రాళ్ళ ముందు కోడిని కోశారు, చామలు దంచి చామన్నం వండారు. చిన్న పచ్చి మామిడికాయలు తరిగి దేవతకి పెట్టారు. జనం బారు తీరారు. అప్పలనర్సమ్మ కాళ్ళు అలవాటు కొద్దీ కొసకి నడిచాయి, అక్కడే నిలబడ్డాయి. పక్కన సోని నిలబడింది. ఇప్పుడు ముందుకి వెళ్ళి నిలబడదామా అన్న ఆలోచన వచ్చింది గానీ సిగ్గేసింది.

బుధు అడ్డాకులో ముక్కలు పట్టుకుని లేచాడు. బారు మొదట్లో ఉన్న పెద్దమనిషి చెయ్యి చాచాడు. బుధు ఆయన్ని దాటేశాడు. తర్వాత వాళ్ళనీ దాటేశాడు. చాచిన చేతులన్నీ దాటుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, కొస దాకా నడిచి వచ్చాడు.

"ఈయేడు ఇటునుంచి," అన్నాడు.

అప్పలనర్సమ్మ దోసిలి పట్టింది. మొదటి ముక్క అందులో పడింది. చామన్నంతో కలిపి నోట్లో పెట్టుకుంది. సోని తల ఎత్తి చూస్తోంది.

"ఎలాగున్నాది అమ్మమ్మా?"

"పుల్లగా," అంది అప్పలనర్సమ్మ. ఒంకరపన్ను జివ్వుమంది. "మామిడికాయ కదే, పుల్లగానే వుంటాది."